నొప్పి ఉన్న చోట ఎంత కదలిక, ఎప్పుడు: కండరాలు, కీళ్ల గాయాలకు ఫిజియోథెరపీ పద్ధతి

చూసుకోకుండా మెట్టు దిగి పాదం లోపలివైపుకు మడతపడిన మనిషికి వెంటనే తోచే ప్రశ్నలు రెండు: ఎముక ఏమైనా విరిగిందా, ఎన్నాళ్లు కాలు కదపకుండా ఉండాలి. మొదటి ప్రశ్న సరైనదే, దాన్ని తేల్చుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. చిక్కంతా రెండో ప్రశ్నలోనే ఉంది. కాలు బెణికినా, నడుము పట్టేసినా, మోకాలు అరిగినా ఎన్నాళ్లు కదపకూడదని అడిగేవారికి దొరికే జవాబు మంచం ఒక్కటే. ఈ రోజు ఎంత కదిపితే ఆ భాగం తట్టుకుంటుంది, వచ్చే వారం ఎంత పెంచవచ్చు అని అడగడం నేర్చుకున్నవారికి ఫిజియోథెరపీ చాలావరకు అర్థమైనట్టే. ఆ మోతాదును ఎలా కొలవాలో, శరీరంలోని ఒక్కో భాగానికి దాన్ని ఎలా మార్చుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

వ్యాయామానికి ముందు తోసిపుచ్చవలసినవి

కొన్ని లక్షణాలు ఉన్నప్పుడు వ్యాయామం గురించి ఆలోచించడమే పొరపాటు. నడుము నొప్పితోపాటు మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా మూత్రమలాల మీద అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ, పిరుదుల లోపలి భాగంలో స్పర్శ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే వెన్ను చివరి నరాల గుచ్ఛం నలిగిపోతూ ఉండవచ్చు. దీనికి గంటల్లోనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు కనుక తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఏ పక్కకు తిరిగి పడుకున్నా వదలని రాత్రి నొప్పి, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతూ చిన్న కుదుపుకే వచ్చిన వెన్నునొప్పి వంటివి ముందుగా వైద్యుడు చూడవలసిన విషయాలు. ఒకే కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే కీలులో చీము చేరిందని అనుమానించాలి. శస్త్రచికిత్స తరువాతనో, చాలా రోజులు కదలకుండా పడుకున్న తరువాతనో ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు; అలాంటి పిక్కను మర్దన చేయకూడదు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే ఎడమ భుజం నొప్పి, దానితోపాటు చెమట, ఆయాసం ఉంటే అది భుజానికి కాక గుండెకు సంబంధించినది కావచ్చు.

మళ్లీ మడతపడిన పాదం దగ్గరికి వద్దాం. ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం 1992లో కొన్ని నియమాలను ప్రకటించింది, అవి నేటికీ వాడుకలో ఉన్నాయి. చీలమండకు రెండు పక్కలా పొడుచుకువచ్చిన గుబ్బ ఎముకలలో దేని కొసనైనా, లేదా దాని వెనుక అంచు వెంట 6 సెంటీమీటర్ల మేర ఎక్కడైనా వేలితో నొక్కితే ఎముక మీదే నొప్పి పుట్టినా, చిటికెన వేలి వైపు పాదం మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మొదలు దగ్గర లేదా పాదం లోపలి వంపు పైనున్న ఎముక మీద నొప్పి ఉన్నా, గాయమైన వెంటనే, మళ్లీ పరీక్ష సమయంలో, రెండుసార్లూ నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా నాలుగు అడుగులు లెక్కలోకి వస్తాయి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

మొదటి మూడు రోజులు

విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, పూర్తి విశ్రాంతీ ఐసూ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తరువాతి కాలంలో తానే రాశారు. వాపు అనేది శరీరం మొదలుపెట్టిన మరమ్మతు పనిలో భాగం కాబట్టి దాన్ని పూర్తిగా అణచివేయాలని చూడటం ఇప్పుడు సరైన పద్ధతిగా భావించడం లేదు. ఐసును నేను పూర్తిగా వద్దనను. గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెడితే నొప్పి తగ్గి నిద్ర పడుతుంది, ఆ పనికి అది చాలు. వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టిన క్రేప్ బ్యాండేజి, పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా పెట్టుకున్న రెండు దిండ్లు వాపును ఎక్కువ కాకుండా చూస్తాయి. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టాలి. కొత్త గాయం మీద వేడి కాపడం, చేతి బలమంతా పెట్టి చేసే మర్దన మాత్రం పనికిరావు. గాయం మీదికి నూనె సీసాతో వచ్చే ఆత్మీయులకు ఈ సంగతి సున్నితంగానే చెప్పి వెనక్కి పంపవలసి ఉంటుంది.

ఈ మూడు రోజుల్లోనూ కదలిక ఆగదు, తగ్గుతుంది, అంతే. పాదాన్ని నొప్పి మొదలయ్యే అంచు దాకా పైకి, కిందికి ఆడించడం గంటకోసారి పదేసిసార్లు చేయవచ్చు. కర్ర సాయంతోనైనా మడమ ముందు ఆనించి వేళ్లతో నెట్టే మామూలు నడక ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, ఎందుకంటే కాలిని పక్కకు తిప్పి ఈడ్చుకుంటూ నడిచే అలవాటు వారంలోనే పాతుకుపోతుంది, దాని భారం మోకాలి మీద, నడుము మీద పడుతుంది.

మరునాటి ఉదయం చెప్పే తీర్పు

ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంటు గానీ, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ గానీ తెగినప్పుడు మొదటి కొద్ది రోజులు వాపు దశ నడుస్తుంది, తరువాతి కొన్ని వారాల్లో కొత్త కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి, ఆ పోగులు ఒక వరుసలోకి వచ్చి గట్టిపడటానికి నెలలు, కొన్నిసార్లు ఏడాది దాటి పడుతుంది. ఆ వరుస ఏ దిశలో ఏర్పడాలో నిర్ణయించేది ఆ భాగం మీద పడే లాగుడే. అసలు లాగుడు లేని చోట బలహీనమైన అతుకు తయారవుతుంది, మితిమీరిన చోట కొత్త పోగులు మళ్లీ తెగుతాయి. నొప్పి పోవడానికీ బలం రావడానికీ మధ్య ఇంత ఎడం ఉండటం వల్లనే, నొప్పి లేదు కదా అని మూడో వారంలో ఆటకు దిగినవారు నాలుగో వారంలో మళ్లీ కుంటుతూ వస్తారు.

కాబట్టి మోతాదుకు ఒక కొలత కావాలి. మడమ వెనుక టెండన్ నొప్పి ఉన్నవారి మీద స్వీడన్‌లో కారిన్ సిల్బర్నాగెల్ బృందం చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో వాడిన పద్ధతి ఇంట్లో ఎవరైనా పాటించగలిగినంత సులువైనది. నొప్పికి 0 నుంచి 10 వరకు మీరే ఒక అంకె ఇచ్చుకోవాలి. వ్యాయామం చేస్తున్నప్పుడు, చేసిన తరువాత నొప్పి 5 దాకా వెళ్లినా ఫరవాలేదు, కానీ మరునాటి ఉదయానికి అది మామూలు స్థాయికి దిగాలి, వారం తిరిగేసరికి నొప్పి గానీ, పొద్దున లేవగానే ఉండే బిగువు గానీ పెరిగి ఉండకూడదు. ఈ హద్దులో ఉన్నవారు పరుగు, గెంతుడు కొనసాగించినా, వాటిని మానేసినవారి కంటే కోలుకోవడంలో వెనకబడలేదు. కొత్తగా తగిలిన గాయానికి నేను 5కు బదులు 3 దగ్గరే గీత గీస్తాను.

ఒక చిన్న పుస్తకంలో తేదీ, చేసిన వ్యాయామం, చేస్తున్నప్పటి అంకె, మరునాటి ఉదయం మంచం దిగి వేసిన మొదటి పది అడుగుల్లో అంకె రాసుకోవాలి. ఉదయపు అంకె పెరిగితే ఆ రోజు వ్యాయామం చేసే సార్ల సంఖ్యను సగానికి తగ్గించాలి గానీ వ్యాయామాన్ని వదిలేయకూడదు. రెండు మూడు రోజులు వరుసగా అంకె పెరగకపోతే కొద్దిగా పెంచాలి. ఇక్కడి నుంచి చెప్పే ప్రతి వ్యాయామానికీ ఈ ఉదయపు అంకే కొలత.

చీలమండ బెణుకు: మొదటి వారం దాటాక

వాపు తగ్గుముఖం పట్టాక గోడను పట్టుకుని రెండు కాళ్ల మునివేళ్ల మీద లేచి, రెండు క్షణాలు ఆగి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాలి. పదిహేనేసి చొప్పున మూడు దఫాలు సునాయాసంగా చేయగలిగితే ఒంటికాలికి మారాలి. కూర్చుని పాదాల చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకుని, మడమ కదలకుండా పాదం బయటి అంచును పక్కకు నెట్టే వ్యాయామం కాలి బయటివైపు కండరాలను బలపరుస్తుంది, పాదం మళ్లీ లోపలికి మడతపడకుండా ఆపవలసినవి ఆ కండరాలే.

ఎక్కువమంది వదిలేసేది తూకం నేర్పే వ్యాయామాన్ని. లిగమెంటు తాడులా కట్టి ఉంచడమే కాకుండా పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంది, గాయమైనప్పుడు ఆ కబురు ఆలస్యమవుతుంది. చెప్పులు లేకుండా దెబ్బ తగిలిన కాలి మీద నిలబడి పాదం వైపు చూడండి: బొటనవేలు నేలను పట్టుకోవడానికి ముడుచుకుంటుంది, చీలమండ దగ్గర టెండన్లు ఒకటి తరువాత ఒకటి బిగుసుకుని సడలుతుంటాయి, పాదం అంచు క్షణానికోసారి నేలను వదిలి మళ్లీ తాకుతుంది. బాగున్న కాలి మీద ఈ వణుకు చాలా తక్కువగా కనిపిస్తుంది. 30 సెకన్లు చేత్తో దేన్నీ పట్టుకోకుండా నిలబడగలిగిన తరువాత అదే పని కళ్లు మూసుకుని చేయాలి, ఆ తరువాత మడత పెట్టిన దుప్పటి మీద నిలబడి చేయాలి. కళ్లు మూసుకున్నప్పుడు చేతికి అందేంత దూరంలో గోడ ఉండాలన్నది మరువకూడదు. ఈ తూకపు శిక్షణ తీసుకున్నవారికి బెణుకు తిరిగి రావడం తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఒంటికాలితో గెంతే దూరం రెండో కాలితో పోలిస్తే పదింట తొమ్మిది వంతులకు చేరేదాకా, దిగినప్పుడు మోకాలు లోపలికి వాలకుండా నిలిచేదాకా ఆటలకు తిరిగి వెళ్లకపోవడం మంచిది.

మడమ వెనుక టెండన్

పొద్దున మంచం దిగగానే మడమ వెనుక పట్టేసినట్టుండి, నడవగా నడవగా సడలే నొప్పికి 1998లో స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పునాదిగా ఉంది. మెట్టు అంచున మునిపాదాల మీద నిలబడి, బాగున్న కాలితో పైకి లేచి, బరువంతా నొప్పి కాలి మీదికి మార్చి, మడమ మెట్టు కిందికి దిగేదాకా నెమ్మదిగా దించాలి. తిరిగి పైకి లేవడానికి మళ్లీ బాగున్న కాలినే వాడాలి. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి మూడు దఫాలు, కొద్దిగా వంచి మరో మూడు దఫాలు, రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు చేయాలి. లెక్క వేస్తే రోజుకు 180 సార్లు అవుతుంది. ఆ అధ్యయనంలో పాల్గొన్న 15 మంది పరుగు ఆటగాళ్లూ 12 వారాల తరువాత తిరిగి పరుగెత్తారు. రోజూ ఇంత సమయం పెట్టలేనివారికి వారానికి మూడుసార్లు ఎక్కువ బరువుతో నెమ్మదిగా లేచి దిగడం కూడా దాదాపు అంతే ఫలితం ఇస్తుంది. నొప్పి టెండన్ మధ్యలో కాకుండా మడమ ఎముకకు అతుక్కున్న చోట ఉంటే మడమను మెట్టు కిందికి దించకుండా నేల మట్టం దగ్గరే ఆపాలి, లేకపోతే ఆ చోట రాపిడి పెరిగి నొప్పి ముదురుతుంది. వెనుక ఎవరో తన్నినట్టు అనిపించి టప్‌మని శబ్దం వచ్చి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. అది వ్యాయామంతో తేలే విషయం కాదు.

నడుము

నడుము నొప్పుల్లో పదింట తొమ్మిదింటికి ఫలానా ఎముక, ఫలానా డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అని వేలు పెట్టి చూపగలిగే కారణం దొరకదు. ఎమ్మారై తీయించిన వెంటనే డిస్కు అరిగింది, ఉబ్బింది అనే మాటలు చదివి భయపడేవారు తెలుసుకోవలసినది ఒకటుంది: నొప్పి అసలే లేనివారి స్కానులను పరిశీలించి 2015లో ప్రచురించిన సమీక్షలో డిస్కు అరుగుదల 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి కనిపించింది. జుట్టు నెరవడం వంటిదే ఇది కూడా. విశ్రాంతి సంగతికి వస్తే, 1986లో రిచర్డ్ డియో బృందం నడుము నొప్పితో వచ్చినవారిలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం పట్టమని చెప్పి చూసింది; రెండు రోజులవారు పనికి వెళ్లని రోజులు 45 శాతం తక్కువగా ఉన్నాయి, మిగతా విషయాల్లో ఇరువురి మధ్యా తేడా లేదు.

పిరుదులోకో కాలిలోకో జారే నొప్పి ఉన్నవారికి న్యూజీలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ చూపిన దారి ఉపయోగపడుతుంది. 1956లో కాలి నొప్పితో వచ్చిన ఒక రోగి, తలవైపు ఎత్తి ఉంచిన బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుని ఉండిపోయాడు. నడుము వెనక్కి వంగి ఉన్న ఆ కాసేపట్లోనే కాలి నొప్పి మాయమైంది. ఏ కదలికతో కాలి చివరనున్న నొప్పి పైకి, నడుము మధ్యకు చేరుతుందో ఆ కదలికే ఆ మనిషికి మందు అన్న సూత్రం అక్కడి నుంచి పుట్టింది. ముందుగా రెండు మూడు నిమిషాలు బోర్లా పడుకోండి, తరువాత మోచేతుల మీద ఆనుకోండి, అదీ తట్టుకుంటే తుంటి నేల మీదే వదిలి చేతులతో ఛాతీని పైకి నెట్టి దించండి, పదిసార్లు. చేస్తున్నంతసేపూ నొప్పి ఎక్కడుందో గమనించాలి. పిక్కలోని నొప్పి తొడకు, తొడలోని నొప్పి పిరుదుకు వస్తే, నడుములో కొంచెం పెరిగినా సరే, దారి సరైనదే. నొప్పి కిందికి జారితే లేదా తిమ్మిరి పెరిగితే ఆపాలి. కొందరికి ముందుకు వంగే కదలికే నప్పుతుంది, దాన్ని ఫిజియోథెరపిస్టు చూసి చెప్పడం మేలు. ఇక కూర్చునే భంగిమ గురించి అడిగేవారికి నా మాట ఒకటే: నిటారుగా కూర్చున్నా గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే నడుము పట్టేస్తుంది, అరగంటకోసారి లేవండి.

మోకాలు, భుజం

అరిగిన మోకాలికి నడక ఇంకా అరుగుదల తెస్తుందనే భయంతో కూర్చుండిపోయేవారిలో తొడ ముందు కండరం కరిగిపోతుంది, అది కరిగిన కొద్దీ కీలు మీద భారం పెరుగుతుంది. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి, మూడు లెక్కపెడుతూ కూర్చోవడం పదేసిసార్లు చొప్పున మూడు దఫాలు చేస్తే ఆ కండరానికి అంతకంటే మంచి పని లేదు. కుర్చీ ఎత్తు ఎక్కువైన కొద్దీ తేలిక కనుక మొదట్లో దిండు వేసుకోవచ్చు. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి దగ్గరికి రాకుండా చూసుకోవాలి. బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు.

బిగుసుకుపోయిన భుజం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. మోచేయి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే, తాను తిప్పినా మరొకరు తిప్పినా ఒకే చోట ఆగిపోవడం దీని గుర్తు. రాత్రి నిద్ర పట్టని తొలి నెలల్లో బలవంతంగా సాగదీయడం వల్ల నొప్పి పెరగడమే జరుగుతుంది, అప్పుడు ముందుకు వంగి చేతిని వేలాడదీసి మెల్లగా ఊపితే చాలు. నొప్పి తగ్గి బిగువు మాత్రమే మిగిలిన దశలోనే కర్ర పట్టుకుని సాగదీసే వ్యాయామాలకు ఫలితం ఉంటుంది. మొత్తం వ్యవహారానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు.

యంత్రాలు

టెన్స్ వంటి విద్యుత్ యంత్రాలు చర్మం మీది నరాలను ఉత్తేజపరిచి నొప్పి సంకేతానికి తాత్కాలికంగా అడ్డుపడతాయి, 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన గేటు సిద్ధాంతం దీనికి ఆధారం. పేస్‌మేకర్ ఉన్నవారు ముందే ఆ సంగతి చెప్పాలి. యంత్రం గానీ, చేత్తో కీలును సడలించడం గానీ ఒక గంట ఊరటనిస్తే ఆ గంటలో వ్యాయామం చేయడానికి వాడుకోవడం తెలివైన పని. అయితే దీర్ఘకాలిక నడుము నొప్పికి అల్ట్రాసౌండ్ తరంగాల చికిత్స, టెన్స్, వెన్నును లాగి పట్టే ట్రాక్షన్, నడుము బెల్టులను మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. పది రోజులు వెళ్లినా యంత్రం కింద పడుకోబెట్టి పంపడమే తప్ప ఒక్క వ్యాయామం కూడా నేర్పని చోట, నేను ఇంట్లో ఏం చేయాలి అని అడగండి. జవాబు రాకపోతే మరొకరిని చూడండి.

నెలల తరబడి వదలని నొప్పి

మూడు నెలలు దాటిన నొప్పి విషయంలో గాయం చాలావరకు మానిపోయినా నరాల వ్యవస్థ మాత్రం అతిగా స్పందించడం నేర్చుకుని ఉండవచ్చు. అలాంటివారు నొప్పి తక్కువగా ఉన్న రోజు బకాయి పనులన్నీ చేసేసి, తరువాతి మూడు రోజులు పడకేస్తారు, ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తెంచడానికి మూడు రోజులు నడిచి, నొప్పి పెరగడం మొదలైన సమయాన్ని రాసుకోవాలి. అది 12, 8, 10 నిమిషాలు అనుకుంటే సగటు 10. అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే 8 నిమిషాలతో మొదలుపెట్టాలి. బాగున్న రోజు కూడా 8 నిమిషాలే, బాగాలేని రోజు కూడా 8 నిమిషాలే నడవాలి. కష్టమైన భాగం బాగున్న రోజున ఆగడమే. వారానికి ఒక నిమిషం చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. నిద్ర చాలని రోజుల్లో అంకె పెరగడం సహజం కనుక పుస్తకంలో నిద్ర గంటలు కూడా రాసుకుంటే పెరుగుదలకు కారణం వ్యాయామమా, నిద్రలేమా అన్నది తెలుస్తుంది.

ఆరు వారాలు క్రమం తప్పకుండా చేసినా పుస్తకంలోని ఉదయపు అంకెలు కదలకపోతే ఆ పుస్తకాన్నే తీసుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాలి, నోటితో చెప్పే వివరాల కంటే అది ఎక్కువ పనికి వస్తుంది. అంకెలు సున్నాకు చేరినవారు బలం పెంచే వ్యాయామాలను వారానికి రెండుసార్లకు తగ్గించుకుని మరో మూడు నాలుగు నెలలు సాగించాలి. చీలమండ బెణికినవారికి తూకపు వ్యాయామం కోసం ప్రత్యేకంగా సమయం కూడా అక్కరలేదు: పొద్దున పళ్లు తోముకునే రెండు నిమిషాల్లో మొదటి నిమిషం ఒక కాలి మీద, రెండో నిమిషం రెండో కాలి మీద నిలబడితే సరిపోతుంది.